కుర్చీ పెద్దమ్మ ఫ్లాష్‌బ్యాక్

"నీ డైలాగొస్తోంది! రా రా, తొందరగా రా!"

హాల్లోంచి మొగుడు కేకేశాడు. వంటింట్లో బీన్స్‌కి ఈనెలు తీస్తున్న కొత్తమ్మాయి, చేతిలో కాయ చేతిలో ఉండగానే గడప దాకా పరుగెత్తింది. చేతులు తడిగా ఉన్నాయి కాబట్టి గడప దాటలేదు. తలుపుకి ఆనుకుని మెడ సాచితే టీవీలో సగం కనిపించింది. మిగతా సగానికి మావయ్యగారి తల అడ్డం. ఆ కనిపించిన సగంలోనే సీరియల్లో చిన్నకోడలు కళ్ళు తుడుచుకుంటూ, "ఈ ఇంట్లో నా నీడక్కూడా అద్దె కట్టాలా పెద్దమ్మా?" అంది.

అది కొత్తమ్మాయి రాసిన మాట. బస్సులో కిటికీ పక్క సీటు దొరికిన సంబరంలో తట్టిన మాట.

"నీడకి అద్దె! ఎక్కణ్ణించి ఊడిపడతాయే నీకు ఇలాంటివి?" అన్నాడు మొగుడు, తనే రాసినంత గర్వంగా. ఆమె సిగ్గుపడి, నవ్వి, మళ్ళీ వెనక్కెళ్ళి ఈనెలు తీసే పనిలో పడింది. ఆహా, బతుకు ఎంత బాగుంది అనుకుంది.

పెళ్ళయి మూడో నెల. ఆ రోజుల్లో ఆమెకి ప్రతిదీ బాగానే ఉండేది. గ్లాసులో రెండు టూత్‌బ్రష్షులు ఒకదాని భుజం మీద ఇంకొకటి తల వాల్చినట్టుంటే బాగుండేది. అతని మేజోడు ఒకటి తన మేజోడుతో జతకట్టి ఉతుకులోంచి బయటికొస్తే బాగుండేది. అతను భోజనం దగ్గర, "నీళ్ళు నువ్వు తెచ్చిస్తే తియ్యగా ఉంటాయేంటో" అంటే మరీ బాగుండేది. కంచంలో చెయ్యి పెట్టబోతున్నది కాస్తా లేచి, గంతులేసుకుంటూ వెళ్ళి తెచ్చిచ్చేది. పిచ్చి పట్టిందా ఏంటే నీకు అని తనని తనే అడిగి, పడితే పట్టనీ అని తనే జవాబు చెప్పుకునేది.

ఇంట్లోనూ ఆమె కొత్తమ్మాయే, ఆఫీసులోనూ కొత్తమ్మాయే. సాహిత్యంలో ఎమ్మే చదివి, రోజూ వచ్చే ఒక టీవీ సీరియల్‌కి రాసేవాళ్ళ గదిలో చేరింది. స్టూడియో మేడ మీద, సరిగ్గా మూతపడని కిటికీ ఉన్న గది. పొడుగాటి బల్ల, దాని చుట్టూ ముగ్గురు మగ రచయితలు, బల్ల చివర మాస్టారు. మాస్టారంటే సీరియల్ మొత్తానికి పెద్ద రచయిత, తెల్లగడ్డం, చెవికి చిన్న మిషను. గోడ పక్కన టీ కెటిలు. ఆ కెటిలు తన సీటు పక్కనే ఉండటం కాకతాళీయం అనుకుంది మొదట. సీటు మార్చుకుని చూసింది. వారం తిరక్కుండా కెటిలు కూడా ఆమె వెంట వచ్చేసింది. రచయితలు ఎక్కడైనా ఇరుక్కుంటే ఆమె వైపు తిరిగి, "ఏమ్మా, ఆడవాళ్ళు ఇలా అంటారా?" అని అడిగేవారు. భూమ్మీద ఉన్న ఆడవాళ్ళందరి తరఫునా ఆమె అవుననో కాదనో చెప్పేది. రాసే పని మాత్రం మధ్య మధ్యలో ఒక్కో మాట దయతలిచి ఇచ్చేవారు. దానికీ ఆమె పొంగిపోయేది. నీడకి అద్దె అలా దక్కిందే.

చేరిన కొత్తలో ఆ సీరియల్ భాష చూసి ఆమెకి నవ్వొచ్చేది. అందులో ఎవరూ ఊరికే లోపలికి రారు. "ఏంటి వదినా, కిటికీ దగ్గర నిలబడి ఎర్ర కవరు చించుతున్నారు?" అంటూ వస్తారు. వదిన ఊరికే కవరు దాచదు. "అమ్మో, ఈ కవరు పమిట చాటున దాచాలి" అని పైకి అనుకుని మరీ దాస్తుంది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"మాస్టారూ, కవరు కనిపిస్తూనే ఉంది కదా. మళ్ళీ చెప్పడం ఎందుకు?"

గదిలో ముగ్గురూ ముసిముసిగా నవ్వారు. మాస్టారు నవ్వలేదు.

"ఎవరికి కనిపిస్తోంది తల్లీ?" అన్నాడు. "సాయంత్రం ఏడున్నరకి మన ప్రేక్షకురాలు ఎక్కడుంటుంది? స్టవ్ ముందు. మనకి వీపు పెట్టి నిలబడి ఉంటుంది. నేను ముప్పయ్యేళ్ళుగా ఆ వీపుకి అర్థమయ్యేట్టు రాస్తున్నాను."

ఆ మాటకి ఆమె తెల్లబోయింది. కాలేజీలో చదివిన ఏ పుస్తకంలోనూ లేని సంగతి ఇది. ఆ రోజు నుంచీ ఆ అతి మాటలన్నీ వేరేగా వినపడటం మొదలెట్టాయి. ప్రతి వాక్యంలో వరస పెట్టి పిలవడం, జరిగిందాన్నే ముగ్గురి చేత మూడుసార్లు చెప్పించడం, తలుపు చప్పుడికి తలుపు చప్పుడని చెప్పడం, ఇవన్నీ చేతకానితనం కావు, కూరలు తిప్పుతూ తల తిప్పడానికి వీల్లేని ఒక మనిషి మీద మర్యాద. కుక్కరు కూత వేసినప్పుడు పోయిన మాట మళ్ళీ దొరకాలని మాస్టారు దాన్ని ఇంకోచోట దాచిపెట్టేవాడు. ఎంత పెద్దమనసు ఈయనది అనుకుని ఆమె మురిసిపోయింది. వీపు పెట్టి ఎందుకు నిలబడాలి అన్న ప్రశ్న మాత్రం ఆమెకి అప్పుడు రాలేదు. మూడో నెల కదా.

ఆ సీరియల్‌కి ప్రాణం కుర్చీ పెద్దమ్మ. ఉమ్మడి కుటుంబానికి పెద్ద దిక్కు, పరమ గయ్యాళి. హాలు మధ్య పెద్ద కుర్చీలో కూర్చుని, అందరి బతుకులూ అక్కణ్ణించే కొరుక్కుతింటూ ఉంటుంది. కొంప మునిగినా కుర్చీ దిగదు. జనం తిట్టుకుంటూ చూసేవారు, చూస్తూ తిట్టుకునేవారు. అలాంటి పెద్దమ్మకి హఠాత్తుగా సెలవు కావలసివచ్చింది. ఆ వేషం వేసే నటికి మోకాలి ఆపరేషనట. సీరియల్లో పాత్రకి గతం పుట్టుకొచ్చిందంటే కథకి అవసరమై అనుకుంటాం మనం, ఎక్కువసార్లు అది నటీనటుల సెలవు చీటీ. పెద్దమ్మ పడుచుతనం చూపిస్తే వేరే అమ్మాయి చేత వేయించొచ్చు. మిగతా సెలవు ముందే తీసిపెట్టిన సీన్లతో గడుస్తుంది.

"ఒక్క ఎపిసోడ్ ఫ్లాష్‌బ్యాక్" అన్నాడు మాస్టారు. "ఎవరు రాస్తారు?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరికీ ఒక్కసారిగా పెన్నులు వెతుక్కునే పని పడింది. ఎందుకంటే కథ అప్పుడు మంచి పట్టులో ఉంది. చిన్నకోడలు మూసిన గది తలుపు తట్టడానికి చెయ్యెత్తింది. లోపల ఎవరున్నారో తెలియక జనం చచ్చిపోతున్నారు. ఆ చెయ్యి గాల్లో ఉండగా ఫ్లాష్‌బ్యాక్ అంటే పరుగెత్తే బండికి అడ్డంగా దుంగ వేసినట్టే. రేటింగు పడుతుంది. పడితే రాసినవాడి మీదే పడుతుంది.

"కొత్తమ్మాయి రాస్తుందిలెండి మాస్టారూ. ఆడవాళ్ళ గతం ఆడవాళ్ళకే తెలియాలి" అన్నాడు ఒక రచయిత, ఉదారంగా.

"ఆలోచించుకో తల్లీ" అన్నాడు మాస్టారు. "బాగుంటే ఇకమీద వారానికో ఎపిసోడ్ నీది, నీ పేరుతో. మునిగితే మాత్రం ఛానెల్ సారు నిన్ను మళ్ళీ పెన్ను ముట్టుకోనివ్వడు."

అంటే ఇక కెటిలే. ఆ మాట అర్థమై కూడా ఆమెకి కాళ్ళు నేల మీద నిలవలేదు. ఒక ఎపిసోడ్ మొత్తం తనది! ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే మొగుడికి చెప్పింది. అతను ఆమెని ఎత్తి ఒక చుట్టు తిప్పాడు. దించాక, నిజాయితీపరుడు కాబట్టి, తన అభిప్రాయం కూడా చెప్పాడు. అతను లిఫ్టుల ఇంజనీరు.

"ఒకటి చెప్తా, కోప్పడకు. ఫ్లాష్‌బ్యాకొచ్చిందంటే నాకు మేడ మీదకి నొక్కితే సెల్లారుకి తీసుకెళ్ళే లిఫ్టెక్కినట్టుంటుంది."

"మోటారుండేది సెల్లారులోనే కదా?"

"కాదు. పైనుంటుంది."

"పునాది?"

"సరేలే, రచయిత్రివి" అని బుగ్గ గిల్లాడు. ఆమె నవ్వుతూ వంటింట్లోకి వెళ్ళింది. అత్తగారు అప్పటికే బంగాళాదుంపల తొక్క తీస్తోంది.

అత్తగారికి ఆ సీరియలంటే ప్రాణం. హాల్లో మావయ్యగారు, "పనీ పాటా లేని ఆడవాళ్ళ గోల" అని విసుక్కుంటూ కళ్ళప్పగించి చూస్తారు. పనీ పాటా ఉన్న అత్తగారు వంటింట్లోంచి వింటుంది. ఒక్క ముక్క వదలదు. కూర పోపులో వేసేటప్పుడు కూడా మూత కొంచెం వాల్చి, చెవి హాలు వైపు పెడుతుంది.

"పెద్దమ్మ ఫ్లాష్‌బ్యాక్ నేనే రాస్తున్నా అత్తయ్యా" అంది కొత్తమ్మాయి, చాకు అందుకుని పక్కన నిలబడుతూ.

అత్తగారి మొహం వెలిగిపోయింది. "ఏ పెద్దమ్మది? మొదటావిడదా, రెండో ఆవిడదా?"

కొత్తమ్మాయికి అర్థం కాలేదు. "రెండో ఆవిడెవరు?"

"అదేంటే అమ్మాయ్, రాసేదానివి నువ్వే అడుగుతావేంటి? మొదటావిడ మెతక మనిషి. గొంతు పట్టులా ఉండేది. ఎవరేమన్నా 'సరేలే నాయనా' అనేది. ఆవిడ ఏమైందో మీవాళ్ళు చెప్పనే లేదు. పుట్టింటికే పోయిందో, పైకే పోయిందో. తర్వాత ఈ రెండోది వచ్చింది, ఈ గయ్యాళిది. ఇది వచ్చాకే కదూ ఆ ఇల్లు చెడింది!"

కొత్తమ్మాయి సగం తరిగిన దుంప పక్కన పెట్టింది. రెండేళ్ళ కిందటి సంగతి, ఆఫీసులో విన్నది, గుర్తొచ్చింది. తెర మీద పెద్దమ్మకి మొదట్నించీ ఒకే నటి. వెనక గొంతు చెప్పే డబ్బింగు ఆవిడ మాత్రం మధ్యలో మానేస్తే ఇంకో ఆవిడని పెట్టారు. కొత్తావిడది గరుకు గొంతు. ఆ గొంతుకి తగ్గట్టే మాస్టారు పెద్దమ్మని గయ్యాళిగా మార్చాడు. మొహం చూసేవాళ్ళకి తేడా తెలియదు. వీపు పెట్టి వినేవాళ్ళకి మాత్రం ఒక మనిషి పోయి ఇంకో మనిషి వచ్చింది.

"మరి ఇద్దర్నీ పెద్దమ్మా అనే పిలుస్తారు కదత్తయ్యా?" అంది మెల్లగా.

"స్థానం అదేగా! రెండో పెళ్ళాం వచ్చిందని పిలుపు మారుస్తారా? మనుషులు మారతారు, పిలుపెందుకు మారుతుంది?" అంది అత్తగారు, ఇందులో తెలియకపోవడానికి ఏముందన్నట్టు.

కొత్తమ్మాయి నవ్వబోయి మానేసింది. ఇన్నేళ్ళుగా ఈవిడ ఈ సీరియల్‌ని ఒక్క రోజు కూడా చూడలేదు. హాలుకీ వంటింటికీ మధ్య ఒక్క గోడ. ఆ గోడకి అవతల కూర్చున్న తండ్రీ కొడుకులకి ఆ సంగతి తెలియదు. ఇద్దరూ మంచివాళ్ళే, ఆవిడంటే ప్రాణం పెట్టేవాళ్ళే. "అమ్మకి ఈ సీరియల్ లేకపోతే తోచదు" అని పదిమందికి చెప్పేవాళ్ళే. తనకి మాత్రం తెలిసిందా? తెలియదు. ఎందుకంటే మూడు నెలలుగా తను కూడా ఇక్కడే ఉంది. తన డైలాగుని గడప మీద నిలబడి సగం తెరలో చూసింది. బస్సులో నిలబడితే కాళ్ళు నొప్పులంటుంది, ఈ ఇంట్లో కూర్చున్నట్టు గుర్తుందా? సోఫా రంగు గుర్తొచ్చింది గానీ మెత్తదనం గుర్తు రాలేదు. ఒక్క నిమిషం భయమేసింది. ఆ వెంటనే, భయం వెనకాలే, ఎంత అందమైన పొరపాటు ఇది అనిపించింది. ముప్పయ్యేళ్ళు రాసిన మాస్టారికి తట్టని కథని అత్తగారు దుంపలు తరుగుతూ అల్లేసింది. మొదటావిడ, రెండో ఆవిడ. మొదటావిడ ఏమైందో ఎవరూ చెప్పలేదు.

తప్పు దిద్దలేదు కొత్తమ్మాయి. "మొదటావిడ గురించి ఇంకా చెప్పండత్తయ్యా" అంది.

ఆ ఆదివారం ఆమె తనని తనే కనిపెట్టి చూసింది. టిఫిను దగ్గర కూర్చోబోయింది, చెంచాలు కావాలన్నారు. కూర్చుంది, మావయ్యగారి కళ్ళద్దాలు. మధ్యాహ్నం మంచం మీద నడుం వాల్చబోయింది, "నా బనీను ఎక్కడ బంగారం?" భోజనం దగ్గర, తియ్యటి నీళ్ళు. ఎవరూ కసరలేదు, ఎవరూ మాట తూలలేదు. బంగారం అన్నారు, తల్లీ అన్నారు, నీ చేత్తో అన్నారు. ప్రతిసారీ ఆమె నవ్వుతూనే లేచింది. ఆ నవ్వులో అబద్ధం లేదు కూడా. కథ అక్కడ దొరికింది.

కాగితాలు చేతికిచ్చాక మాస్టారు చెవి మిషను సర్దుకుని చదవడం మొదలెట్టాడు. పదహారేళ్ళు గడుస్తాయి ఆ ఎపిసోడ్‌లో. జరిగేది ఒక్కటే. ఒక కొత్తకోడలు కూర్చోబోతుంది. ఎవరో పిలుస్తారు, పిలుపు వినపడదు, ఆమె తల తిప్పడం కనిపిస్తుంది. లేస్తుంది. మళ్ళీ కూర్చోబోతుంది. లేస్తుంది. అరుగు మీద, మంచం మీద, భోజనాల బల్ల దగ్గర, కడుపుతో ఉన్నప్పుడు, పిల్లని ఎత్తుకున్నప్పుడు. వీపు కుర్చీకి తాకేలోపే లేస్తుంది. మొదటిసారి లేచినప్పుడు నిండుగా నవ్వుతూ లేవాలి అని రాసింది. నవ్వు ఎప్పుడు పోయిందో చూసేవాళ్ళకి తెలియకూడదు అని కూడా రాసింది. చివర్న ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు, హాలు మధ్య కుర్చీలో కూర్చుంటుంది. పూర్తిగా, వీపు ఆనించి. తలుపు చప్పుడవుతుంది. తల తిప్పుతుంది. లేవదు. అంతే.

"మాటలేవీ?" అన్నాడు మాస్టారు.

"లేవండి."

"వంటింట్లో నిలబడ్డావిడ ఏమైపోవాలి? ఆవిడకి అన్యాయం చేస్తున్నావమ్మాయ్."

"వచ్చి కూర్చోవాలండి. ఒక్కరోజు."

గదిలో ముగ్గురూ పెన్నులు కింద పెట్టారు. మాస్టారు మళ్ళీ మొదట్నించీ తిరగేశాడు.

"ఇందులో విలనెవరు? అత్తా, మొగుడా, ఆడపడుచా?"

"ఎవరూ లేరండి. అందరూ మంచివాళ్ళే."

"విలన్ లేకపోతే ఎలా తల్లీ? అత్త ఒక వాత పెట్టిందనుకో, రెండు నిమిషాల్లో తేలిపోతుంది ఈవిడ ఎందుకు గయ్యాళి అయిందో. ఇంత సేపెందుకు?"

"విలన్ లేడు కాబట్టే ఇంత సేపండి" అంది కొత్తమ్మాయి. "వాత అయితే ఒక్కసారి కాలుతుంది. ఇది అలా కాదు. మంచివాళ్ళ మధ్య మనిషి మారిపోవడానికి చాలా సేపు పడుతుంది. ఆ సేపే కథ. తొందరగా చెప్తే అబద్ధమైపోతుందండి."

మాస్టారు కాగితాలు సర్ది బల్ల మీద పెట్టాడు. తర్వాత, "మా ఆవిడ కూర్చుని ఉండగా నేను చూసింది ఆస్పత్రి మంచం మీదే" అన్నాడు, ఎవరితోనూ కాకుండా. కాసేపటికి ఆయనే లేచి, గోడ దగ్గరికెళ్ళి, తన టీ తనే పోసుకున్నాడు. ఛానెల్ సారుని ఆయనే ఒప్పించాడు. చివర్న ఒక ఉరుము, మూడుసార్లు మొహం దగ్గరికి కెమెరా ఉండి తీరాలని సారు పట్టుబట్టాడు. సరే, ఉరుముదేముంది, ఉరమనీ అనుకుంది కొత్తమ్మాయి.

ఎపిసోడ్ వచ్చే రోజు పొద్దున్నే ఇంట్లో చిన్న సమావేశం జరిగింది. ఆ అరగంట వంట ఎవరు చూడాలి? ముందే వండితే మావయ్యగారికి చల్లారిన కూర పడదు. తర్వాత వండుదామంటే ఎనిమిదింటికి తిని మాత్ర వేసుకోవాలి. బయటి తిండి అసలే పడదు. కొత్తమ్మాయి మొగుడి వైపు చూసింది.

"చూసుకునేవాణ్ణే" అన్నాడతను, నిజంగా బాధపడుతూ. "కానీ నీ మొదటి ఎపిసోడ్! నీ పేరు పడేటప్పుడు నేను కాక ఎవరు చూస్తారే?"

ఆమె కరిగిపోయింది. కరిగిపోయాక చూసుకుంటే, సాయంత్రం వంట తన వాటాకే వచ్చేట్టుంది.

"మీరంతా కూర్చోండర్రా, నేను చూసుకుంటాలే. నాకెలాగూ వినపడుతుంది" అంది అత్తగారు ఎప్పటిలాగే.

"వినపడదత్తయ్యా. ఇందులో మాటల్లేవు."

"మాటల్లేని సీరియలేంటే!"

"అందుకే మీరే కూర్చోవాలి. నేనెలాగూ రాశాను కదా, నాకన్నీ తెలుసు. వంట నేను చూస్తా."

అలా అన్నప్పుడు మనసు తేలిగ్గానే ఉంది ఆమెకి. ఇచ్చేటప్పుడు ఉండే సంతోషం. బస్సెక్కాక మాత్రం అది కొంచెం కొంచెంగా దిగిపోయింది. ఒక ఆడమనిషి కూర్చోవాలంటే ఇంకో ఆడమనిషి నిలబడాలి, అదేనా చివరికి తను తేల్చింది?

ఏడున్నర. స్టవ్ మీద కూర ఉడుకుతోంది. హాల్లో సోఫా మీద మావయ్యగారు, పక్కన కొడుకు, ఆ చివర అంచు మీద అత్తగారు. ఎప్పుడైనా లేవడానికి వీలుగా కూర్చుంది.

"పేరు! నీ పేరు పడింది!" అని అరిచాడు మొగుడు.

"ఎలా ఉంది?" అంది వంటింట్లోంచి.

"సూపర్! పెద్దక్షరాలు!"

ఆ తర్వాత నిశ్శబ్దం. "సౌండ్ పోయిందేంట్రా?" అని మావయ్యగారు, "లేదు నాన్నా, ఇదింతే" అని కొడుకు. మళ్ళీ నిశ్శబ్దం. కొత్తమ్మాయి గరిటె పట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడింది. ఇప్పుడు అరుగు మీద కూర్చోబోతూ ఉంటుంది. ఇప్పుడు లేచి ఉంటుంది, నవ్వుతూ. ఆ పిల్ల నవ్వు బాగా వచ్చిందో లేదో. తన ఎపిసోడ్, తనకొక్క చప్పుడు కూడా రావటం లేదు. వినేవాళ్ళకి ఇందులో ఏమీ లేదని రాసింది తనే. ఏడుపు రాలేదు గానీ కూర ఆవిరి కళ్ళలోకి కొట్టినట్టయింది.

అంతలో హాల్లోంచి ఒక మాట వినపడింది. "లే."

ఉలిక్కిపడింది. మాటలు రాయలేదే! ఛానెల్ సారు ఆఖరి నిమిషంలో డైలాగు గానీ దూర్చాడా?

"లేవరా, నీక్కాదూ?"

సీరియల్లోది కాదు. అత్తగారిది. ఆ ఇంట్లో, ఆ గొంతులో, ఆ మాట అంతకుముందు ఎవరూ విని ఉండరు.

"ఏంటమ్మా?"

"రాసిన పిల్ల అక్కడ నిలబడుంది, నువ్విక్కడ కూర్చుని ఏం చేస్తున్నావ్? వెళ్ళు. వెళ్ళి ఆ గరిటె నువ్వు పట్టుకో. నీ కళ్ళకి కనపట్టంలేదూ తెర మీద?"

కాసేపటికి మొగుడు వంటింట్లోకి వచ్చాడు. లిఫ్టు మధ్యలో ఆగిపోయి, తలుపులు అప్పుడే తెరుచుకున్నవాడిలా ఉంది మొహం. చెయ్యి చాపాడు. ఆమె గరిటె ఇచ్చింది.

సోఫా మెత్తగా ఉంది. అతను కూర్చున్న చోటు ఇంకా వెచ్చగా ఉంది. తెర మీద ఆ అమ్మాయి హాలు మధ్య కుర్చీ దగ్గరికి నడుస్తోంది. ఎదర ఎవరి తలా అడ్డం లేదు, తెర మొత్తం కనిపిస్తోంది. తెర ఇంత పెద్దదా! అమ్మాయి కూర్చుంది. వీపు ఆనించింది. తల తిప్పింది. లేవలేదు. మెల్లగా ఆ మొహం మీదకి కుర్చీ పెద్దమ్మ మొహం వచ్చి కలిసింది. ఉరుము ఉరిమింది.

అత్తగారు తెర వైపే చూస్తూ అంది. "అంటే ఇద్దరు కాదా?"

"కాదత్తయ్యా."

"మొదటావిడ ఎక్కడికీ పోలేదా?"

"పోలేదు. అక్కడే ఉంది."

"ముందే ఎందుకు చెప్పలేదే నాకు?"

"మీరు చెప్పిన కథే బాగుంది మరి. అదే రాశాను."

అత్తగారు ఆమె వైపు తిరిగి, అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు, మొహమంతా వెతికి చూసింది. ఏం వెతికిందో, ఏం దొరికిందో గానీ, "నవ్వు బాగా నవ్వింది ఆ పిల్ల, మొదట్లో" అంది. రేటింగు లెక్కలు వచ్చేవారం వస్తాయి. ఆ సంగతి ఆ నిమిషాన కొత్తమ్మాయికి గుర్తే లేదు.

వంటింట్లో డబ్బాల మూతలు ఒకటొకటిగా చప్పుడయ్యాయి. తర్వాత మొగుడి గొంతు, ప్రేమగానే, కాస్త కంగారుగా వచ్చింది.

"బంగారం, ఉప్పెక్కడుంది? అమ్మా, ఉప్పు?"

సోఫా మీద ఇద్దరి నడుములూ ఒక్కసారే కదిలాయి. మావయ్యగారు ఇద్దరి వైపూ మార్చి మార్చి చూశారు. అత్తగారు, అంచు మీదున్న మనిషి, కొంచెం కొంచెంగా వెనక్కి జరిగి వీపు ఆనించింది. కొత్తమ్మాయి కాళ్ళు పైకి ముడుచుకుని సర్దుకుంది.

ఉప్పెక్కడుందో ఇద్దరికీ తెలుసు. టీవీలో సబ్బు ప్రకటన వస్తోంది. ఇద్దరూ దాన్ని చాలా శ్రద్ధగా చూశారు.